ఫుల్లాయన ఐరన్

కుర్చీ తుడిచే ముందు ఆమె ఆ తుడిచే గుడ్డను వాసన చూసింది. నిన్న సాయంత్రం సబ్బు పెట్టి ఉతికి ఆరేసిన గుడ్డే. అయినా మొహం చిట్లించి, మడత మార్చి, నాలుగు చుక్కలు స్పిరిట్ వేసి, ముందు కుర్చీ చేతులు, తర్వాత వీపు ఆనే పలక, ఆపైన బల్ల అంచు తుడిచింది. తీగలు అతికే తన సోల్డరింగ్ ఐరన్ పిడికి వేరే గుడ్డ ఉంది. ఆ ఐరన్‌ని ఆమె తప్ప ఎవరూ పట్టుకోరు. పట్టుకుంటే ఏం వినాల్సి వస్తుందో ఆ వర్క్‌షాపులో అందరికీ తెలుసు.

అన్నీ తుడుచుకుని, కూర్చుని, తలెత్తింది. ఎత్తకపోతే బాగుండేది. కానీ రెండు బల్లలూ ఎదురెదురుగా వేసి ఉన్నాయి, తలెత్తితే కనిపించేది ఆయనే.

ఆయన అప్పుడే వేరుశనగలు మొదలుపెట్టాడు. ఎడమ అరచేతిలో పోసుకుని, కుడి బొటనవేలితో నలిపి, ఊదుతాడు. పొట్టు ఎగిరి బోర్డుల మీద, భూతద్దం మీద, ఆయన చొక్కా మీద పడుతుంది. ఒక్కోసారి గాలి వాటాన్ని బట్టి ఆమె బల్ల మీదికీ వస్తుంది. తినడం అయ్యాక ఆ నూనె వేళ్ళు పంట్లాముకి రాసుకుని, అదే చేత్తో ఐరన్ పట్టుకుంటాడు. ఐరన్ మొన తుడుచుకోవడానికి అందరూ తడి స్పాంజి వాడతారు. ఆయన పాత మేజోడు వాడతాడు. నాలుగు మడతలు పెట్టి, నీళ్ళలో ముంచి, బల్ల అంచుకి మేకు కొట్టి తగిలించాడు. ఒకప్పుడు అది ఏ రంగుదో చెప్పడం కష్టం.

"ఛీ," అంది ఆమె.

"గుడ్ మార్నింగ్ చెల్లెమ్మా," అన్నాడు ఆయన నోటి నిండా పల్లీలతో.

ఆమె ఆయనకి చెల్లెలేమీ కాదు. చుట్టరికం లేదు. ఏ వరసా లేదు. చేరిన కొత్తలో ఒకసారి చెప్పి చూసింది, "నన్ను అలా పిలవకండి" అని. "అలాగే చెల్లెమ్మా," అన్నాడు. ఆ తర్వాత చెప్పడం మానేసింది. తను మాత్రం ఇన్నేళ్ళలో ఆయన్ని ఏ వరసా పెట్టి పిలవలేదు. "ఇదిగో, మిమ్మల్నే" అంటుంది. అదీ అవసరం పడితేనే.

వర్క్‌షాపులో ఆయన్ని ఫుల్లాయన అంటారు. కొత్తగా చేరినవాళ్ళు తాగుతాడేమో అనుకుంటారు. పాపం, టీ తప్ప ఏమీ ముట్టడు. ఆయన ఐరన్‌కి వేడి పెంచే నాబ్ ఎప్పుడు చూసినా చివరి గీత మీదే, అంటే నాలుగు వందల యాభై డిగ్రీల మీదే ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆమెకి పెట్టిన పేరు ఛీఛీ అక్క. అది ఆమె ముందు ఎవరూ అనరు. ఆమెకి తెలుసన్న సంగతి అందరికీ తెలుసు.

అక్కడ తయారయ్యేవి కిట్లు. తలుపు గంట, బొమ్మ గడియారం, చీకటి పడగానే వెలిగే దీపం, ఇలాంటివి. ఖాళీ బోర్డు, దానిలో గుచ్చాల్సిన విడిభాగాలు, కరిగించి అతకడానికి కాస్త లెడ్డు తీగ, ఎలా చేసుకోవాలో చెప్పే కాగితం, అన్నీ ఒక పెట్టెలో పెట్టి అమ్ముతారు. సరదా ఉన్నవాళ్ళు కొనుక్కుని ఇంట్లో కూర్చుని తామే అతికించుకుంటారు. కొత్త కిట్టు వచ్చినప్పుడల్లా మొదటి నమూనా చేసేది వీళ్ళిద్దరే. కొన్నవాళ్ళు పాడుచేసి తిప్పి పంపినవి బాగుచేసేదీ వీళ్ళిద్దరే. వీళ్ళిద్దరూ అనడం మాటవరసకే. తిరిగొచ్చినవాటి గోతాం ఆమె బల్ల కిందే ఉంటుంది.

ఆ గోతాం తలచుకుంటేనే ఆమెకి రోత. పోయినసారి చేసిన తలుపు గంట కిట్లు అందులో ఉన్నాయి. బోర్డు మీద లెడ్డు అంటుకోవాల్సిన రాగి చుక్కలు పొక్కుల్లా పైకి లేచి, కొన్ని ఊడి, చుట్టూ గోధుమ రంగు మరకలు కట్టి, కాలిన గోరు వాసన వేస్తాయి. ఒక్కో బోర్డూ తీసి చూసినప్పుడల్లా ఎవరో తన కంచంలో ఉమ్మినట్టు ఉంటుంది ఆమెకి. తప్పు కొన్నవాళ్ళది కాదు. కాగితంలో ఎంత వేడి అని వేస్తే అంత పెట్టారు. కాగితంలో నాలుగు వందల యాభై అని వేశారు. అది వేయించింది ఎవరో వేరే చెప్పాలా? ఆమె జ్వరం వచ్చి పడుకున్న వారంలో యజమాని వచ్చి, "ఎంతలో పెట్టి చేశావయ్యా?" అని అడిగితే ఈయన నాబ్ వంక చూసి ఉన్నమాట చెప్పాడు. అంతే, అచ్చయిపోయింది.

యజమాని పొద్దున్నే వచ్చి రెండు బల్లల మధ్య నిలబడ్డాడు. నిద్ర లేని కళ్ళు, చేతిలో రెండు కొత్త పెట్టెలు.

"రేడియో కిట్టు. సాయంత్రం కాగితం ప్రెస్సుకి పోవాలి. ఇద్దరూ చెరొకటి చేయండి," అన్నాడు.

"ఇద్దరూ ఎందుకు సార్? నేను చేస్తాను. మూడు వందల నలభై అని వేయండి," అంది ఆమె.

"నీ నలభైతోనూ తంటాలే కదమ్మా. దీపం కిట్టుకి అదే వేశాం. లెడ్డు కరగడం లేదని ఒకటే ఫోన్లు."

"మొన తుడుచుకోకపోతే ఎలా కరుగుతుంది?"

"అది వాళ్ళకేం తెలుసు? అందుకే చెప్తున్నా, ఇద్దరూ చేయండి. పక్కపక్కన పెట్టి చూస్తా. ఏది బాగుంటే ఆ అంకె వేస్తా. ఇంకో గోతాం వచ్చిందంటే మాత్రం ఈ దుకాణం మూసుకోవాల్సిందే."

యజమాని వెళ్ళాక ఆమె బల్ల కింద గోతాన్ని కాలితో లోపలికి తోసింది. ఈ రేడియోలు స్కూలు పిల్లల కోసం. పదేళ్ళ పిల్ల మొదటిసారి ఐరన్ పట్టుకుంటుంది. మొదటి అతుకే మాడిపోయి రాగి లేచి వస్తే ఆ పిల్ల ఇంక జన్మలో ఐరన్ ముట్టదు. తనకి చేతకాదనుకుని లేచిపోతుంది. ఎదుటి బల్ల మీద నల్లగా, జిడ్డుగా ఉన్న ఆ నాబ్ వంక చూసి పళ్ళు నూరింది ఆమె. ఈసారి ఆ అంకె కాగితం మీదికి ఎక్కకూడదు. అవసరమైతే యజమాని కాళ్ళ దగ్గర ఆ గోతాం బోర్లిస్తుంది.

పని మొదలుపెట్టింది. ఆమె ఐరన్ కొత్తది. మొన ఎంత వేడిగా ఉందో చిన్న అద్దంలో అంకెలు వెలుగుతాయి. మూడు వందల నలభై వచ్చాక మొనని తడి స్పాంజికి తాకించింది. చుయ్ మని సన్నగా, తెగకుండా వినిపించింది. వేడి ఎక్కువైతే టప్ టప్ మని పేలుతుంది, తక్కువైతే ఉస్సుమని ఊరుకుంటుంది. ఈ చప్పుడు ఆమె చెవిలో ఉంది. అప్పుడు మొన తళతళలాడుతుండగా దానికి ఇంత లెడ్డు పూసి, రాగి చుక్కనీ, విడిభాగపు తీగ కాలునీ ఒకేసారి తాకించి, లెడ్డు అందించింది. లెడ్డు కరిగి, కాలు చుట్టూ ఒక్కసారి తిరిగి, చుక్క అంతా పరుచుకుని ఆగింది. వెంటనే ఐరన్ తీసేసింది. సన్నని తెల్లటి పొగ. అంతే ఉండాలి. పొగ గోధుమరంగులోకి తిరిగిందంటే లోపల ఏదో మాడుతోందన్నమాట.

బోర్డులో ఒక మూల రాగి వెడల్పుగా ఉంటుంది. అక్కడ ఎంత వేడి ఇచ్చినా తాగేస్తుంది. మామూలువాళ్ళు ఇక్కడే నాబ్ తిప్పేస్తారు. ఆమె తిప్పదు. సన్న మొన తీసి వెడల్పు మొన పెట్టి, ఇంకాస్త ఓపిక పట్టింది. వేడి అదే. లెడ్డు నెమ్మదిగా కరిగి కూర్చుంది. ఒక్కో అతుకూ అయ్యాక బ్రష్షుతో స్పిరిట్ రాసి, లెడ్డు తీగలోంచి కారే జిగురు మరక కూడా లేకుండా కడిగింది. ఆమె బోర్డు వెనక్కి తిప్పి చూస్తే కడిగిన గిన్నెలా ఉంటుంది.

ఎదురుగా ఆయన కూనిరాగం తీస్తూ చేస్తున్నాడు. రాగం అనడం కూడా దండగ, ముక్కులోంచి వచ్చే ఏదో రొద. మధ్యలో ముక్కు ఎగబీలుస్తాడు. లెడ్డు తీగని ఒక్కోసారి పెదాల మధ్య పట్టుకుంటాడు.

"అది నోట్లో పెట్టుకుంటారా ఎవరైనా? విషం అది!" అంది ఆమె ఉండబట్టలేక.

"ఇన్నేళ్ళుగా పెట్టుకుంటున్నా, ఏమైందమ్మా?"

"చూసేవాళ్ళకి అవుతోంది."

ఆయన నవ్వాడు. నవ్వితే పళ్ళ సందుల్లో పల్లీ ముక్కలు కనిపించాయి. ఆమె తల దించుకుంది. ఆయన బోర్డు వంక ఓరగా చూసింది. చుక్కలన్నీ లావుగా, ఉబ్బుగా ఉన్నాయి. చుట్టూ గోధుమరంగు జిగురు గడ్డకట్టి, దాని మీద వేలిముద్రలు పడి, ఆ జిగురులోనే ఒక పొట్టు ముక్క ఇరుక్కుని ఉంది. స్పిరిట్ సీసా ఆయన బల్ల మీదా ఉంది, మూత మీద దుమ్ము పేరుకుని.

"మాడగొట్టేశారుగా మళ్ళీ," అంది.

"మాడలేదు చెల్లెమ్మా. అది జిగురు. కడిగితే పోతుంది."

"ఫుల్లులో పెట్టి చేస్తే మాడక ఏం చేస్తుంది? నాబ్ కాస్త వెనక్కి తిప్పితే మీ సొమ్మేం పోయింది?"

"అంకెలెవరు చూస్తారమ్మా? లెడ్డు కరిగిందా, కూర్చుందా, అయిపోయింది." ఆయన తన ఐరన్‌ని తిప్పి, పిడి ఆమె వైపు చాపాడు. "ఒక్కసారి పట్టుకుని చూడు. నీకే తెలుస్తుంది."

పిడి మీద రబ్బరు అరిగిపోయి, బొటనవేలు ఆనే చోట పల్లం పడి, చెమటా నూనే కలిసి నల్లగా నిగనిగలాడుతోంది. ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"ఛీ! దాన్నా? నేనా?"

"సర్లే," అన్నాడు ఆయన, ఏమీ అనుకోకుండా. మేజోడుకి మొన తుడిచి, మళ్ళీ పనిలో పడ్డాడు. ఇలా పిడి చాపడం ఇది మొదటిసారి కాదు. ఆ ఛీ కూడా మొదటిది కాదు.

అప్పుడెప్పుడో రెండు కొత్త ఐరన్లు కొన్నప్పుడు ఆయన ఒకటి వద్దన్నాడు. "దీంతో అలవాటైపోయింది సార్, ఇది నా మాట వింటుంది," అన్నాడట. మురికికి కూడా అలవాటు పడతారు మనుషులు అనుకుంది ఆమె ఆ రోజు. ఆయన కోసం కొన్నది ప్యాకింగ్ వాళ్ళకి ఇచ్చేశారు.

మధ్యాహ్నం ఆమె తన డబ్బా తీసుకుని మెట్ల మీదికి వెళ్ళింది. అందరితో కూర్చుని తినడం ఆమె వల్ల కాదు. నములుతున్న నోళ్ళు చూస్తే తన ముద్ద గొంతు దిగదు. మెట్ల మీద కాగితం పరుచుకుని, గోడ వైపు తిరిగి తింటుంది. గోడకి కూడా ఒకచోట ఎవరో జుట్టు నూనె అంటించారు. ఆ చోటు తప్పించి కూర్చుంటుంది.

ఆమెకి పెళ్ళయింది. నిలవలేదు. మనిషి మంచివాడే. తాగడు, కొట్టడు, అరవడు. తినేటప్పుడు నాలుకతో చప్పుడు చేసేవాడు. తడి తువ్వాలు మంచం మీద పడేసేవాడు. గోళ్ళు కత్తిరించి కిటికీ గట్టు మీద వదిలేసేవాడు. వదిలి వచ్చేశాక కారణం అడిగితే ఇవే చెప్పింది. "ఇందుకా?" అన్నారు ఇంట్లో. "ఇందుకే," అంది. తర్వాత చెల్లెలికి బిడ్డ పుడితే చూడ్డానికి వెళ్ళింది. ఎత్తుకోమని చేతికిచ్చారు. బిడ్డ భుజం మీద పాలు కక్కగానే, ఎవరికో ఒకరికి అందించేసి కుళాయి దగ్గరికి పరుగెత్తింది. ఆ బిడ్డ ఇప్పుడు పెద్దదై ఎక్కడో ఉద్యోగం చేస్తోందని విన్నది. అదీ వేరేవాళ్ళ నోట విన్నది. రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నేల అద్దంలా ఉంటుంది. నడిచేవాళ్ళు లేకపోతే ఏ నేలైనా అలాగే ఉంటుంది మరి.

చేతులు కడుక్కుని, కుళాయి కూడా కడిగి, బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన పడుకుని ఉన్నాడు. తిన్నాక ఒక కునుకు ఆయనకి మామూలే. బల్ల మీద చేయి మడిచి, దాని మీద తల పెట్టుకుని, నోరు తెరుచుకుని పడుకుంటాడు. గురక పెడతాడు. చొంగ చేతి మీదుగా కారి బల్ల మీద చిన్న మడుగు కడుతుంది. లేచాక చొక్కా చేత్తో తుడిచేస్తాడు. ఆమె అలవాటుగా కుర్చీ కాస్త పక్కకి తిప్పుకుని కూర్చుంది. ఇవాళ గురక లేదు. హమ్మయ్య అనుకుంది.

రేడియో చివరి అతుకులు పెట్టింది. బ్యాటరీలు వేసింది. చిన్న స్పీకరు గరగరమని, ఆగి, ఎవరో వార్తలు చదువుతున్న గొంతు వినిపించింది. బోర్డు తిప్పి భూతద్దం కింద ఒక్కో అతుకూ చూసింది. వంక పెట్టడానికి లేదు. ఎదురుగా ఆయన ఐరన్ స్టాండులో ఉంది, ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, నాబ్ చివరి గీత మీద ఉంది. అంత వేడిలో అలా వదిలేసి నిద్రపోతే మొన ఏమవుతుంది? బొగ్గవుతుంది. బాధ్యత లేదు, శుభ్రం లేదు, కనీసం సిగ్గయినా ఉండాలి మనిషికి.

"ఇదిగో, మిమ్మల్నే," అంది. "యజమాని వచ్చే వేళయింది. బోర్డు ఇటివ్వండి, పక్కపక్కన పెట్టాలి."

ఆయన కదల్లేదు. ఆయన బోర్డు చేతి కింద సగం ఇరుక్కుని ఉంది. ఆమె లేచి, అటువైపు వెళ్ళి, ఊపిరి బిగబట్టి, పట్టకారుతో బోర్డు అంచు పట్టుకుని లాగింది. బోర్డు వచ్చింది కానీ చేయి జారి ఆమె వేళ్ళ మీద పడింది. గబుక్కున వెనక్కి లాక్కుంది. ఛీ అనబోయింది. నోట్లోనే ఆగిపోయింది.

ఆ చేయి చల్లగా ఉంది. పక్కనే ఐరన్ వేడిగా ఉంది. చేయి మాత్రం కుళాయిలా చల్లగా ఉంది.

తర్వాత జరిగినవన్నీ ఆమెకి రోత పుట్టించాయి. ప్యాకింగ్ వాళ్ళు గుంపుగా వచ్చి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని చూశారు. ఒకడు ఫోన్ తీసి ఫొటో కూడా తీశాడు. యజమాని వచ్చి, "కూర్చున్న చోటే పోయాడు, అదృష్టవంతుడు," అన్నాడు. ఏం అదృష్టం? చొంగ తుడుచుకోకుండా, పది మంది ముందు నోరు తెరుచుకుని పోవడమా? అంబులెన్సు మనుషులు వచ్చి, చూసి, తల అడ్డంగా ఊపి, గుండె అన్నారు. ఎత్తుతున్నప్పుడు ఆయన చొక్కా పైకి లేచి పొట్ట కనిపించింది. అందరూ చూస్తున్నారు. ఆమె వెళ్ళి ఆ చొక్కా కిందికి లాగింది. తాను లాగానని తర్వాత గుర్తొచ్చింది. చేయి కడుక్కోవడానికి లేచి, మళ్ళీ కూర్చుండిపోయింది. అంబులెన్సు వాళ్ళలో ఒకడు వాడిన గ్లౌజులు ఊడదీసి ఆమె బల్ల మీద వదిలేసి పోయాడు.

స్ట్రెచర్ ఇంకా మెట్లు దిగకముందే వెనక ఎవరో గుసగుసలాడారు, "ఆయన కిటికీ పక్క బల్ల ఇంక ఎవరికిస్తారో?" అని. ఆమె వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఆ గొంతు మళ్ళీ లేవలేదు.

ఆయన కూతురు ఆసుపత్రికి పోయి, అక్కడి నుంచి సామాన్లు తీసుకోవడానికి వచ్చింది. బట్టలు కుట్టే చోట పనిచేస్తుందట, మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. మనిషి ఏడవడం లేదు. ఏం చేయాలో తెలియక చేస్తున్నట్టుంది. బల్ల కింద నుంచి చెప్పులు తీసింది. టిఫిన్ డబ్బా, కళ్ళజోడు తీసింది. పల్లీల పొట్లం తీసి, చూసి, మళ్ళీ పెట్టేసి, మళ్ళీ తీసుకుంది.

అప్పుడు ఎదుటి బల్ల వైపు చూసి, "మీరేగా అత్తా?" అంది.

ఆ పిలుపు తనకేనా అని ఆమె ఒకసారి పక్కకి చూసింది.

"నాన్న ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే మొదలెట్టేవాడు, ఇవాళ మా చెల్లెలు దేనికి ఛీ అందో తెలుసా అని. మీలాగే మూతి తిప్పి చూపించేవాడు. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళం." కూతురు నవ్వబోయి, ఆపుకుంది. "ఏమనుకోకండి. వెక్కిరింపు కాదు. మీరంటే బాగా ఇది నాన్నకి."

"నేనేం అనుకోలేదమ్మా," అంది ఆమె.

"ఈ ఐరన్ కూడా తీసుకెళ్ళాలా?"

"అది వర్క్‌షాపుదమ్మా."

"పోనీలెండి. అదీ ముసలిదైపోయింది. లోపల మార్చిన హీటరు దానిది కాదట, సరిగా వేడెక్కి చావదు, చివరిదాకా తిప్పితేగానీ పనికి రాదు అనేవాడు. కొత్తది పుచ్చుకో నాన్నా అంటే వినలేదు." డబ్బా చంకలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, "వస్తాను అత్తా," అని వెళ్ళిపోయింది.

ఆమె అలాగే నిలబడి ఉంది. ఎదుటి బల్ల మీద ఐరన్ ఎర్ర దీపం ఇంకా వెలుగుతోంది. ఇంత గొడవలో ఎవరూ ఆపలేదు. చనిపోయిన మనిషి వస్తువని ఎవరూ ముట్టుకోలేదు.

బల్లల చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళింది. ఆయన కుర్చీలో కూర్చుంది. తుడవకుండానే కూర్చుంది. ఐరన్ పిడి పట్టుకుంది. జిడ్డుగా, కాస్త అంటుకుంటున్నట్టుగా ఉంది. అయినా వదల్లేదు. బొటనవేలు ఆ పల్లంలో సరిగ్గా కూర్చుంది.

మొనని మేజోడుకి తాకించబోయి, ఆగి, చేయి చాపి తన స్పాంజికి తాకించింది. చుయ్ మంది. సన్నగా, తెగకుండా. మళ్ళీ తాకించింది. అదే చప్పుడు. టప్ మని పేలలేదు. మొన మాడలేదు, నల్లబడలేదు, లెడ్డు పూతతో తెల్లగా మెరుస్తోంది. నాబ్ నాలుగు వందల యాభై చూపిస్తోంది. మొన మీద ఉన్నది తన మూడు వందల నలభై.

ఆమె ఆయన బోర్డు దగ్గరికి లాక్కుంది. బ్రష్షు తెచ్చి, ఆయన స్పిరిట్ సీసా మూత దుమ్ము దులిపి తీసి, ఆ గోధుమరంగు జిగురు మీద రాసింది. కరిగింది. వేలిముద్రలు పోయాయి. పొట్టు ముక్క ఊడి వచ్చింది. కింద అతుకులు బయటపడ్డాయి. కాస్త లావు, అంతే. తళతళలాడుతున్నాయి. ఒక్క రాగి చుక్కా లేవలేదు. మాడిన చోటు ఒక్కటీ లేదు. భూతద్దం కింద పెట్టి, ఏదైనా ఒక్కటి దొరుకుతుందేమో అని మొదటి నుంచి చివరి దాకా వెతికింది. దొరికితే బాగుండునని వెతికింది. దొరకలేదు.

మాడడమని ఇన్నేళ్ళూ తాను అనుకున్నది ఒట్టి మురికి. కడిగితే పోయేదే. ఆయన చెప్పాడు, ఇవాళ పొద్దున కూడా చెప్పాడు. పట్టుకుని చూడమని పిడి చాపాడు. తనేమో ఛీ అంది. పట్టుకుని ఉంటే ఆ అంకెలో ఉన్న తేడా అప్పుడే తెలిసేది. తెలిస్తే ఆ తలుపు గంట కాగితం అలా అచ్చయ్యేది కాదు, ఆ గోతామే వచ్చేది కాదు. ఆయనకి అంకె అంటే లెక్కలేదు. తనకి అంకె తప్ప ఇంకేదీ పట్టలేదు. తన ఐరన్‌కి చెవి పెట్టి విన్న మనిషి, ఎదుటి ఐరన్‌ని నాబ్ చూసి తేల్చేసింది. తన మీద తనకే రోత పుట్టింది. ఇన్ని రోతలు ఎరిగిన మనిషికి ఇది కొత్తది. ఏ గుడ్డతో తుడవాలో తెలియలేదు.

ఆయన బోర్డులో స్పీకరుకి వెళ్ళే ఒక్క తీగ మిగిలి ఉంది. నిద్ర లేచాక పెడదామనుకున్నాడేమో. ఆమె ఆ తీగ నిలబెట్టి, ఆయన ఐరన్‌తోనే, నాబ్ ముట్టుకోకుండా, ఫుల్లులోనే అతికించింది. సన్నని తెల్లటి పొగ లేచింది. తన రేడియోలోని బ్యాటరీలు తీసి అందులో వేసింది. గరగరమని, అదే వార్తల గొంతు పలికింది. కాసేపు విని ఆపేసింది.

యజమాని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో.

"ప్రెస్సు వాడికి రేపని చెప్పానమ్మా," అన్నాడు మెల్లగా. "అంకె మాత్రం తేల్చుకోవాలి. నీదే వేద్దాం. ఇంక..." అని ఆగిపోయాడు.

"ఉత్త అంకె వేయకండి సార్."

"మరి?"

"మొన తుడుచుకోమనండి. లెడ్డు తాకించగానే మెల్లగా కరిగి చుట్టూ పాకితే ఆ వేడి సరి. పొగ తెల్లగా ఉండాలి. గోధుమరంగు వస్తే తగ్గించుకోమనండి. కరగకపోతే ముందు తుడిచి, ఆ తర్వాతే పెంచమనండి. మూడు వందల నలభై దగ్గర మొదలుపెట్టమనండి, కానీ ఒక్కో ఐరన్‌కి అంకె ఒక్కోలా ఉంటుందని రాయండి. పెద్ద అక్షరాలతో రాయండి సార్, పిల్లలు చదువుతారు."

యజమాని రెండు బోర్డులూ తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. తిప్పి తిప్పి చూశాడు. "ఇందులో ఆయనది ఏదమ్మా?" అని అడిగాడు.

"లావుగా ఉన్నవి ఆయనవి," అంది ఆమె.

యజమాని వెళ్ళాక తన బల్ల సర్దుకుంది. ఆ గ్లౌజులు చెత్తబుట్టలో పడేసింది. తన ఐరన్ ఆపి, పిడి తుడిచి, గుడ్డ మడిచి సొరుగులో పెట్టింది. ఆయన బల్ల దగ్గరికి వచ్చి, గోడ దగ్గర స్విచ్ కట్టేసింది. ఎర్ర దీపం ఆరిపోయింది. నాబ్ వెనక్కి తిప్పడానికి చేయి వెళ్ళింది. తిప్పలేదు. గుడ్డ కోసం సొరుగు వైపు చూసింది. తీయలేదు.

సంచి భుజాన వేసుకుని దీపాలు ఆర్పేసింది. కిటికీలోంచి పడే సాయంత్రపు వెలుగులో ఐరన్ స్టాండులో ఉంది, నాబ్ చివరి గీత మీదే ఉంది, పిడి మీద బొటనవేలి పల్లంలో ఒక వేరుశనగ పొట్టు అంటుకుని ఉంది.